నక్క అనగానే జిత్తులమారేనా?

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. బడిలో ఒక చిన్న కథ ఇచ్చి, "ఈ కథలో నక్క ఎలాంటిదని మీరు ఊహించారు? మూడు విషయాలు రాసి, ఒక్కోదానికీ కథలోంచి ఆధారం చూపండి" అని అడిగారు. వాడు "నక్క జిత్తులమారి. నక్కకి ఆకలిగా ఉంది. నక్క మంచిది" అని రాశాడు. మూడింటి పక్కనా టీచర్ "ఆధారం?" అని రాసి వెనక్కి పంపారు. "నక్కంటే జిత్తులమారే కదమ్మా, దానికి ఆధారమేంటి?" అంటాడు వాడు. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. ఊహించమని వాళ్లే అంటారు, మళ్లీ ఆధారం చూపమంటారు. ఈ రెండూ ఎలా కుదురుతాయి? జవాబులు నేనే చెప్పేస్తే అవి నావి అవుతాయి గానీ వాడివి కావు కదా. ఎంతవరకు సాయం చెయ్యొచ్చు? కథ కింద రాస్తున్నాను.

"ఎండలు ముదిరాయి. అడవిలో మడుగు రోజురోజుకీ కుంచించుకుపోతోంది. నక్క తెల్లవారకముందే వచ్చి నీళ్లు తాగి వెళ్లిపోయేది. తాగేముందు ప్రతిసారీ తల ఎత్తి నాలుగు దిక్కులా చూసేది. ఒకరోజు ఒడ్డున బురదలో తాబేలు పిల్ల ఒకటి వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. నక్క దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. దగ్గరికెళ్లి వాసన చూసింది. ముక్కుతో ఒక్క తోపు తోసింది. తాబేలు పిల్ల బోర్లాపడి మెల్లగా నీళ్లలోకి పాకింది. అది కనబడకుండా పోయేదాకా నక్క అక్కడే నిలబడింది. ఆ రోజు నీళ్లు తాగకుండానే వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు వచ్చింది, కానీ మడుగు అవతలి ఒడ్డుకి."

సమాధానం: టీచర్ మూడు జవాబుల పక్కనా ఒకే మాట రాశారు గానీ, ఆ మూడింటి సంగతీ ఒకటి కాదు. మొదటి జవాబు కథ చదవకుండానే రాయొచ్చు. రెండోది కథ చదివాకే వచ్చింది, కానీ దాన్ని నిలబెట్టే వాక్యం దొరకడం కష్టం. మూడోదానికి కథలో గట్టి ఆధారమే ఉంది, వాడు ఎంచుకున్న మాటే మరీ వదులుగా ఉంది. మూడూ తప్పే అని ఒక్క మాటలో తేల్చేస్తే వాడికి ఏది ఎలా సరిదిద్దుకోవాలో తెలీదు. అందుకే విడివిడిగా చూద్దాం.

"నక్కంటే జిత్తులమారే కదమ్మా" అన్నందుకు వాణ్ణి ఏమీ అనకండి. కథల పుస్తకం చేతికి రాకముందే మన భాష వాడికి ఆ మాట నేర్పేసింది. నక్కజిత్తులు, కొంగజపం, మొసలికన్నీరు, గొర్రెదాటు, మేకపోతు గాంభీర్యం... ఒక్కో జంతువుకీ ఒక్కో గుణం అంటగట్టి, ఆ ముద్రతోనే పిల్లలకి పరిచయం చేస్తాం. దాంతో జంతువు కథ చదివేటప్పుడు పిల్లల కన్ను అది చేసిన పని మీద పడదు, పేరు దగ్గరే ఆగిపోతుంది. పేరు కనబడగానే జవాబు సిద్ధం. జంతువు పాత్రల గురించి పిల్లలు రాసే జవాబుల్లో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదేనని నా అభిప్రాయం. దీన్ని సరిచేస్తే మిగతావి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.

దీన్ని మాటల్లో చెప్పేకన్నా ఒక పని చేయించండి. కథలో "నక్క" అని ఉన్న చోట "జింక" అని పెట్టి మొదటి వాక్యాలు పైకి చదవమనండి. "జింక తెల్లవారకముందే వచ్చి నీళ్లు తాగి వెళ్లిపోయేది. తాగేముందు ప్రతిసారీ తల ఎత్తి నాలుగు దిక్కులా చూసేది." ఇప్పుడు అడగండి, ఈ జింక ఎలాంటిదిరా అని. భయపడుతోంది అంటాడు, లేకపోతే జాగ్రత్తగా ఉంది అంటాడు. జిత్తులమారి అని మాత్రం అనడు. మరి అదే పని నక్క చేస్తే జిత్తు ఎందుకైంది? ఈ ప్రశ్న అడిగి మీరు ఊరుకోండి. వెంటనే జవాబు రాకపోయినా ఫరవాలేదు. తను రాసిన మాట కథలోంచి రాలేదని వాడికి వాడే కనిపెట్టాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పేరు మార్చి చదివించాం కదా అని, ఏ జంతువైతే ఏముందిలే అనుకోకూడదు. నక్క చిన్న చిన్న జీవుల్ని పట్టి తింటుంది. అది నిజం. కాబట్టి తాబేలు పిల్లని నక్క వాసన చూసినప్పుడు "తినేస్తుందేమో" అని చదివేవాడికి గుండె ఝల్లుమనాలి. అదే జింక వాసన చూస్తే ఆ ఝల్లు ఉండదు. అంటే జంతువు గురించి మనకి తెలిసిన నిజాలు కథ అర్థం చేసుకోవడానికి కావాలి. జంతువు మీద మనం వేసిన ముద్రలు మాత్రం అడ్డొస్తాయి. "నక్క మాంసం తింటుంది" అన్నది అడవిలోకెళ్లి చూసి చెప్పగలిగిన మాట. "నక్క మోసగత్తె" అన్నది కథలు చెప్పుకునేవాళ్లు తరతరాలుగా పెట్టిన పేరు. ఈ రెండింటికీ తేడా నాలుగో తరగతి పిల్లవాడికి బాగానే అర్థమవుతుంది. ఒక కాగితం మీద రెండు గళ్లు గీసి, నక్క గురించి వాడికి తెలిసినవన్నీ నిజమో ముద్రో తేల్చి ఏదో ఒక గడిలో రాయమంటే ఆటలా రాస్తాడు.

ఇక మీ అసలు సందేహం: ఊహకి ఆధారమేంటని. ఇది కొత్తగా ఇప్పటి బడులు పెట్టిన తిప్పలు కాదు. మన న్యాయదర్శనం వాళ్లు, అంటే పాతకాలపు తర్కశాస్త్రకారులు, ఎన్నో శతాబ్దాల కిందటే దీన్ని తేల్చిపెట్టారు. వాళ్లు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ పొగ, నిప్పు. దూరంగా కొండ మీద పొగ లేస్తోంది. నిప్పు కనబడట్లేదు. అయినా అక్కడ నిప్పుందని అంటాం. ఎలా అన్నాం? పొగ కంటికి కనబడింది. దాన్ని వాళ్లు హేతువు అన్నారు. పొగ ఉన్నచోట నిప్పుంటుందని వంటింట్లో ఎన్నోసార్లు చూసి మనకి ముందే తెలుసు. దాన్ని వ్యాప్తి అన్నారు. ఈ రెండూ కలిస్తేనే "కొండ మీద నిప్పుంది" అన్న మాట నిలబడుతుంది. కథలో జంతువు గుణం సరిగ్గా ఆ కనబడని నిప్పులాంటిది. "నక్క జాగ్రత్తగలది" అని కథ ఎక్కడా చెప్పలేదు. నాలుగు దిక్కులా చూసిందని చెప్పింది. ప్రమాదం ఉంటుందేమో అనుకునేవాళ్లే అలా చూస్తారని మనకి తెలుసు. రెండూ కలిపితే జాగ్రత్త అన్న గుణం తేలింది. టీచర్ అడిగిన ఊహ ఇదే. పుస్తకం మూసి కళ్లు మూసుకుని చేసే కల్పన వేరు. "ఊహించు" అంటే "నీకు తోచింది చెప్పు" అని చాలామంది పిల్లలు అనుకుంటారు, అందుకే ఆధారం అడిగితే బిత్తరపోతారు. "కథ చెప్పకుండా దాచింది కనిపెట్టు" అని అడిగి చూడండి, ఆధారం వెతకడం వాడికి సహజంగానే తోస్తుంది.

ఆ శాస్త్రకారులే ఇంకో మాట కూడా చెప్పారు, అది మీ బాబు మొదటి జవాబుకి అచ్చంగా సరిపోతుంది. పొగ ఉంటే నిప్పు ఉండి తీరుతుంది గానీ, నిప్పు ఉంటే పొగ ఉండాలని లేదు. ఎర్రగా కాల్చిన ఇనుపగుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. దారి ఒక్క వైపే నడుస్తుంది. జిత్తులమారి ఎవరైనా దొంగచూపులు చూస్తాడు, నిజమే. అలాగని చుట్టూ చూసినవాళ్లంతా జిత్తులమారులా? రోడ్డు దాటే పిల్లలందరూ అటూ ఇటూ చూస్తారు. పిల్లల జవాబుల్లో ఈ తిరగేసిన దారి తరచూ కనబడుతుంది: దొంగ నెమ్మదిగా నడుస్తాడు, పిల్లి నెమ్మదిగా నడిచింది, కాబట్టి పిల్లి దొంగ. వాడు అలా అన్నప్పుడల్లా "అలా చేసేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

వాడికి ఒక కథ చెప్పండి. మిత్రలాభం కథల్లో ఉంటుంది, మీకూ తెలిసే ఉండొచ్చు. ఒక పెద్ద చెట్టు తొర్రలో జరద్గవం అనే ముసలి గద్ద ఉండేది. గోళ్లు ఊడిపోయాయి, కళ్లు కనబడవు. చెట్టు మీది పక్షులు జాలిపడి తమ తిండిలోంచి కొంత దానికి పెట్టేవి. ఒకరోజు దీర్ఘకర్ణం అనే పిల్లి పక్షిపిల్లల్ని తినడానికి వచ్చింది. పిల్లలు భయంతో అరిచాయి. ఎవరది, అని గద్ద గద్దించింది. పిల్లి తానెంత నిష్ఠాపరురాలో చెప్పుకుంది, మాంసం ముట్టనని ఒట్టు వేసింది, మెల్లగా తొర్రలోనే చోటు సంపాదించింది. రోజూ పక్షిపిల్లల్ని తెచ్చి తొర్రలో తిన్నది. పిల్లలు కనబడక పక్షులు వెతకడం మొదలుపెట్టగానే జారుకుంది. పక్షులు తొర్రలో ఎముకలు చూశాయి. మన పిల్లల్ని తిన్నది ఈ గద్దే అని తీర్మానించి దాన్ని చంపేశాయి.

ఇక్కడ ఆగి వాణ్ణి అడగండి: పక్షుల దగ్గర ఆధారం ఉందా, లేదా? ఉంది. ఎముకలు కళ్లెదుటే ఉన్నాయి. అయినా ఘోరమైన తప్పు చేశాయి. ఎందుకు? గద్ద పక్షిపిల్లల్ని తన్నుకుపోతుందన్న ముద్ర ముందే మనసులో ఉంది, దానికి ఎముకలు తోడయ్యాయి, ఇంక వేరే ఆలోచన రాలేదు. గోళ్లు లేని, చూపు లేని గద్ద ఎగురుతూ గంతులేస్తూ తిరిగే పిల్లల్ని ఎలా పట్టుకుంటుందని ఒక్క పక్షికీ తోచలేదు. ఇన్నాళ్లూ అవే పిల్లలతో ఒకే చెట్టు మీద ఉన్నప్పుడు ఏ ఒక్కటీ పోలేదు కదా, ఇప్పుడే ఎందుకు పోయాయని అడగలేదు. ఈ మధ్య తొర్రలోకి కొత్తగా ఎవరు వచ్చారని విచారించలేదు. ఆధారం దొరికిందనగానే పని అయిపోలేదన్నమాట. దొరికిన ఆధారం ఇంకెవరివైపైనా వేలు చూపిస్తోందా, మన ఊహకి ఎదురు చెప్పే ఆధారాలు కథలో ఉన్నాయా అని కూడా చూడాలి. పిల్లలు ఈ కథ విన్నప్పుడు గద్ద మీద జాలితో పక్షుల్ని తిట్టిపోస్తారు. "నువ్వూ నక్క విషయంలో ఆ పక్షుల్లాగే చేశావేమో చూసుకో" అని మెల్లగా అంటే వాడి మనసుకి తగులుతుంది. కోపంగా మాత్రం అనకండి.

ఈ కథే ఇంకో సంగతి కూడా నేర్పుతుంది. పిల్లి తన గురించి తాను చెప్పుకున్నదాన్ని ఆధారంగా తీసుకోవచ్చా? "నేను నిష్ఠగలదాన్ని" అన్న మాట అది నిష్ఠగలదని రుజువు చెయ్యదు. ఎదుటివాళ్లు అలా నమ్మాలని కోరుకుంటోందని మాత్రం రుజువు చేస్తుంది. మాట్లాడే జంతువులున్న కథల్లో ఇది చాలా ముఖ్యం. పిల్లలు కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాటల్ని నిజాలుగా తీసుకుని ఆధారంగా రాసేస్తారు. ఆ మాట ఎవరితో అంది, ఎప్పుడు అంది, అనడంవల్ల దానికేం లాభం అని చూడమనండి.

లాభం లేకపోగా నష్టం వచ్చే చోట జంతువు ఏం చేసిందన్నది అన్నిటికన్నా బలమైన ఆధారం. ఆ మిత్రలాభంలోనే వలలో చిక్కిన పావురాల రాజు చిత్రగ్రీవుడు ఉంటాడు. కట్లు కొరకడానికి వచ్చిన ఎలుక స్నేహితుడు హిరణ్యకుడు ముందు రాజు కట్లే కొరకబోతే, ముందు నా వాళ్లని విడిపించమంటాడు. ఎలుకకి పళ్లు అరిగిపోతే తన వంతు వచ్చేసరికి కట్లు అలాగే ఉండిపోతాయి. అది తెలిసీ అన్నాడు. అందుకే "ఈ రాజుకి తనకన్నా తనవాళ్లే ఎక్కువ" అని మనం ధైర్యంగా రాయొచ్చు. అదే మాట హాయిగా కొమ్మ మీద కూర్చుని అని ఉంటే అంత బరువుండేది కాదు.

సరే, మళ్లీ మీ బాబు కాగితం దగ్గరికి వద్దాం. "నక్కకి ఆకలిగా ఉంది." ఇందులో రెండు చిక్కులున్నాయి. ఆకలి ఆ పూట స్థితి, గుణం కాదు. నక్క ఎలాంటిదని అడిగారు గానీ అప్పుడు దానికెలా ఉందని అడగలేదు. అది చిన్న చిక్కు. పెద్దది ఏంటంటే, కథలో నక్క ఏదైనా తిన్నట్టుగానీ, తినబోయినట్టుగానీ, తిండి వెతుకుతున్నట్టుగానీ ఒక్క వాక్యం లేదు. అది వచ్చింది నీళ్లకి. వాసన చూడటం ఒక్కటే దానికి దగ్గరగా వస్తుంది, అయితే కుక్క జాతి జంతువులు కొత్తది ఏది కనబడినా ముందు వాసనే చూస్తాయి. కాబట్టి ఈ జవాబుని వాడు వదిలేయడమే మంచిది. "ఎందుకు వదిలేశావు?" అంటే చెప్పగలిగితే అదీ చదవడమే.

జంతువు చేష్టకి మనం చెప్పుకునే అర్థం ఎంత తేలిగ్గా తప్పుతుందో పెద్దవాళ్లకి కూడా గుర్తుండాలి. పిల్లి గురగురమంటే హాయిగా ఉందనుకుంటాం. దెబ్బ తగిలినప్పుడూ, ఒంట్లో బాగాలేనప్పుడూ కూడా అది గురగురమంటుంది. కుక్క తోక ఊపితే సంతోషం అనుకుంటాం. 2007లో ఇటలీ శాస్త్రవేత్తలు గమనిస్తే యజమానిని చూసినప్పుడు కుక్కల తోక కుడివైపుకి ఎక్కువగా ఊగింది, తెలియని, పెత్తనం చేసే కుక్కని చూసినప్పుడు ఎడమవైపుకి ఎక్కువగా ఊగింది. అంటే తోక ఊపడంలోనే రకాలున్నాయి. ఇంకా పెద్ద ఉదాహరణ బెర్లిన్‌లోని హాన్స్ అనే గుర్రం. లెక్క అడిగితే గిట్టతో నేలమీద తట్టి సరైన జవాబు చెప్పేది. 1904లో పండితుల సంఘం వచ్చి పరీక్షించినా మోసమేమీ కనబడలేదు. ఆ తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు రెండు మార్పులు చేసి చూశాడు. అడిగేవాడికే జవాబు తెలియనప్పుడు హాన్స్ తప్పు చెప్పింది. అడిగేవాడు కంటికి కనబడనప్పుడూ తప్పు చెప్పింది. సరైన అంకె రాగానే అడిగేవాడి తలలో తెలియకుండానే వచ్చే చిన్న కదలికని చూసి అది తట్టడం ఆపేసేదని తేలింది. గుర్రానికి లెక్కలు రావు, కానీ మనుషుల్ని గమనించడంలో అది మనుషులకన్నా మేటి. చేసిన పని ఒక్కటే, దాన్నించి తీసిన గుణం మాత్రం మారిపోయింది. మీ వాడికి ఈ గుర్రం కథ తప్పకుండా చెప్పండి, పిల్లలు దీన్ని ఎంతో ఇష్టంగా వింటారు.

ఇప్పుడు మూడోది, నాకు బాగా నచ్చినది: "నక్క మంచిది." ఇది చెరిపెయ్యనివ్వకండి. మంచి అన్న మాట సత్యం పలకడం దగ్గర్నుంచి సాయం చెయ్యడం దాకా అన్నిటినీ పట్టేస్తుంది, అందుకే ఏ వాక్యం చూపాలో తెలియలేదు. "మంచిదంటే ఏ రకంగా మంచిది?" అని అడగండి. "తాబేలుకి సాయం చేసింది" అంటాడు. అదిగో, అక్కడ దయ అన్న మాటకి దారి దొరికింది. ఇక వాక్యం వెతకమనండి. "ముక్కుతో ఒక్క తోపు తోసింది" చూపిస్తాడు. అప్పుడు మీరు ఎదురు వాదన వెయ్యండి: "తినడానికే కదిపి చూసిందేమో, పొరపాటున అది బోర్లాపడిందేమో?" ఈ ఎదురు వాదన లేకపోతే వాడు ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతాడు. వాదన వేస్తే మళ్లీ కథలోకి వెళ్తాడు, ఈసారి ఇంకా దగ్గరగా చదువుతాడు.

దగ్గరగా చదివితే "మెల్లగా" అన్న మాట పట్టుకుంటాడు. తాబేలు పిల్ల మెల్లగా నీళ్లలోకి పాకింది. నక్కకి అది అందనంత దూరమేమీ పోలేదు, అంత వేగమూ దానికి లేదు. పట్టుకోవాలంటే రెండడుగులు చాలు. పట్టుకోలేదు. పైగా అది కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడింది. తోయడం, పట్టుకోకపోవడం, నిలబడి చూడటం, ఈ మూడూ ఒక వరసలో పెడితే దయ అన్న ఊహకి బలం వస్తుంది. గట్టి డొప్ప చూసి తినడం మానుకుందేమో అని ఎవరైనా అనొచ్చు. అలా అయితే నిలబడి చూడాల్సిన పనేముంది? కొట్టిపారేయలేం గానీ దయ వైపే మొగ్గు. అందుకే వాడు "నక్కకి దయ ఉందనిపిస్తోంది" అని రాస్తే చాలు, "ఖచ్చితంగా దయగలది" అనక్కర్లేదు. ఆధారం ఎంత ఉంటే మాటకి అంత గట్టిదనం, ఈ కొలత వాడికి చిన్నప్పుడే అలవాటైతే మంచిది.

జాగ్రత్త అన్న గుణం సంగతి వేరు, దాని గురించి గట్టిగానే రాయొచ్చు. కథలో క్రియలు చూడండి: వెళ్లిపోయేది, చూసేది. ఒక్కసారి జరిగిన పనికి ఇలా రాయరు, అలవాటుగా చేసేదానికే రాస్తారు. దానికి తోడు "ప్రతిసారీ" అని కూడా ఉంది. తర్వాత తాబేలు దగ్గరికి వచ్చేసరికి తిరిగింది, చూసింది, తోసింది అని మారింది. ఒకరోజు చేసిన పనినిబట్టి గుణం చెప్పడం కన్నా, రోజూ చేసే పనినిబట్టి చెప్పడం భద్రం. వాడి చేత ఈ రెండు రకాల క్రియలకీ రెండు రంగుల గీతలు గీయించండి. గుణానికి ఆధారం వెతకాల్సిన చోటు వాడికి ఇట్టే తెలిసిపోతుంది. ఇక చుట్టూ రెండుసార్లు తిరగడం, వాసన చూడటం ఆసక్తిని చూపిస్తాయో, అదీ జాగ్రత్తే చూపిస్తుందో వాడినే తేల్చుకోనివ్వండి. ఏదైనా ఒప్పే, చెప్పిన కారణం కుదిరితే.

మిగిలింది కథ చివర. నీళ్లు తాగకుండా ఎందుకు వెళ్లింది? మర్నాడు ఎందుకు రాలేదు? అవతలి ఒడ్డుకి ఎందుకు మారింది? తాబేలుకి ఇబ్బంది కలగకూడదనా? లేక ఆ ఒడ్డున ఇంకేదైనా వాసన తగిలి భయపడిందా? రెండూ చెప్పొచ్చు, రెండింటికీ ఆధారం పలచనే. పిల్లలకి ఈ ముగింపే బాగా నచ్చుతుంది, దీని చుట్టూ ఎంతైనా అల్లేస్తారు. ఇంట్లో కబుర్లకి అల్లనివ్వండి, జవాబు కాగితంలోకి మాత్రం తేవద్దనండి. "కథ ఇది చెప్పలేదు" అని గుర్తించడం కూడా చదవడంలో భాగమేనని వాడికి తెలియాలి.

రాసే పద్ధతి అడగలేదు గానీ చెప్తాను, ఎందుకంటే సగం మార్కులు అక్కడే పోతాయి. గుణం, కథలోని వాక్యం ఉన్నది ఉన్నట్టుగా, ఆ వాక్యం ఆ గుణాన్ని ఎలా చూపిస్తోందో తన మాటల్లో ఒక ముక్క. ఇలా: "నక్క జాగ్రత్తగా ఉంటుంది. కథలో 'తాగేముందు ప్రతిసారీ తల ఎత్తి నాలుగు దిక్కులా చూసేది' అని ఉంది. ఏదైనా ప్రమాదం వస్తుందేమో అనుకునేవాళ్లే రోజూ అలా చూస్తారు." ఆ మూడో ముక్కని పిల్లలు దాదాపు ఎప్పుడూ వదిలేస్తారు. వాక్యం చూపించాం కదా, ఇంకేంటి అనుకుంటారు. పొగని చూపించి, పొగ ఉన్నచోట నిప్పుంటుందని చెప్పకుండా ఊరుకోవడం లాంటిదది.

ఎంతవరకు సాయం చెయ్యాలన్నారు. గుణం పేరు మీరు చెప్పొద్దు, వాక్యం మీరు చూపించొద్దు. ప్రశ్నలు మాత్రం ఎన్నైనా అడగండి: కథలో ఎక్కడుంది, ఇంకోలా అనుకోవచ్చా, అలా చేసేవాళ్లు ఇంకెవరున్నారు. వాడికి భావం తెలిసి మాట దొరక్క తడబడుతుంటే రెండు మూడు మాటలు అందించండి. జాగ్రత్త, పిరికితనం, అనుమానం లాంటివి ఇచ్చి, ఏది సరిపోతుందో, మిగతావి ఎందుకు సరిపోవో వాడినే ఎంచుకోనివ్వండి. గుణాల పేర్లు తక్కువ తెలిసిన పిల్లలే "మంచిది, చెడ్డది" దగ్గర ఆగిపోతారు, కాబట్టి మాట అందించడం జవాబు చెప్పినట్టు కాదు. వాడు మీరు ఊహించని గుణం చెప్పి దానికి సరైన వాక్యం చూపిస్తే, అది మీకు నచ్చకపోయినా అలాగే రాయనివ్వండి.